నెల్లూరుకు నోటుబుక్కుతో వచ్చిన నిరుద్యోగి

1910 డిసెంబరు. నెల్లూరు జిల్లా కలెక్టరును కలవాలని ఒక యువకుడు వచ్చాడు. వయసు ఇరవై మూడు దగ్గర. పెళ్లయి ఏడాది దాటింది. ఉద్యోగం లేదు. డిగ్రీ లేదు. ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్మీడియట్ లాంటి పరీక్ష, రెండుసార్లు తప్పాడు. చేతిలో ఉన్నవి రెండే. ఒక ప్రొఫెసరు ఇచ్చిన సిఫారసు ఉత్తరం, తన లెక్కల నోటుబుక్కు.

ఆ యువకుడు శ్రీనివాస రామానుజన్. కలెక్టరు ఆర్.రామచంద్రరావు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు అప్పుడూ నెల్లూరు జిల్లాలోనివే. వాటిలో ఏదో ఒక తాలూకా కచేరీలో గుమస్తా కొలువు ఇప్పించడం కలెక్టరుకు పెద్ద పనేమీ కాదు. కానీ ముందు ఒక సంగతి తేలాలి. ఈ కుర్రాడి నోటుబుక్కులో ఉన్నదంతా నిజమేనా?

అక్కడే వచ్చింది చిక్కు. పేజీల నిండా సూత్రాలున్నాయి. అవి ఎలా వచ్చాయో మాత్రం లేదు. జవాబులున్నాయి, రుజువులు లేవు. రామచంద్రరావు స్వయంగా గణితం బాగా తెలిసిన మనిషి. ఆయనకే మొదట ఏమీ అంతుపట్టలేదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో కోచింగ్ కోసం నెల్లూరు బస్సెక్కే డిగ్రీ విద్యార్థికి లెక్కలంటే చాలావరకు నాలుగు ఆప్షన్లు, ఒక షార్ట్‌కట్. జవాబు దిద్దితే చాలు. ప్రిలిమ్స్ దాకా అది నడుస్తుంది. ఇంటర్వ్యూలో ఎందుకు అని అడిగినప్పుడు, పిల్లల ముందు బోర్డు దగ్గర నిలబడినప్పుడు, యూనివర్సిటీ పరీక్షలో నిరూపించండి అన్న ప్రశ్న ఎదురైనప్పుడు పెన్ను ఆగిపోతుంది. జవాబు కనుక్కోవడం ఒక విద్య. అది నిజమేనని ఎదుటివాళ్లు ఒప్పుకునేలా రాయడం ఇంకో విద్య. మొదటిది రామానుజన్‌కు దాదాపు పుట్టుకతోనే వచ్చింది. రెండోది ఆయన కూడా కష్టపడి నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ రెండో సంగతి గురించి మనం మాట్లాడుకునేది తక్కువ.

కోచింగ్ పుస్తకమే గురువు

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడులో అమ్మమ్మ ఇంట్లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల కొట్టులో గుమస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. ఇల్లు గడవడానికి కాలేజీ కుర్రాళ్లకు ఇంట్లో బస ఇచ్చేవారు. వాళ్ల దగ్గర దొరికిన లోనీ త్రికోణమితి పుస్తకాన్ని రామానుజన్ పదమూడేళ్లకే నమిలి మింగేశారు.

పదిహేను, పదహారేళ్ల వయసులో, 1903లో, ఇంకో పుస్తకం చేతికొచ్చింది. జి.ఎస్.కార్ అనే ఆయన రాసిన గణిత సంగ్రహం. కార్ పెద్ద గణిత శాస్త్రవేత్తేమీ కాదు. కేంబ్రిడ్జి పరీక్షలకు విద్యార్థులను తయారుచేసే ట్యూటర్. ఒకరకంగా అది ఆ రోజుల కోచింగ్ మెటీరియలే. సుమారు ఐదు వేల ఫలితాలు వరసగా నంబర్లు వేసి ఉంటాయి. రుజువులు ఉండీ లేనట్టే. ఎక్కువ చోట్ల ఒక మాట సూచనతో సరి.

ఉదయగిరి చెక్క స్పూన్ల అంగడికి వెళ్లారనుకోండి. తయారైన గరిటెలు, స్పూన్లు వరసగా వేలాడుతుంటాయి. ఏ చెక్కను ఎటు చెక్కితే ఆ వంపు వచ్చిందో వాటిని చూస్తే తెలియదు. కూర్చుని చెక్కి చూసుకోవాల్సిందే. కార్ పుస్తకం అలాంటి అంగడి. రామానుజన్ ప్రతి ఫలితాన్నీ తానే మళ్లీ చెక్కడం మొదలుపెట్టారు. పక్కన గురువు లేడు, వెనకాల జవాబుల పేజీ లేదు. ఒక్కో సూత్రం ఆయనకు ఒక్కో పరిశోధన అయింది. లెక్కలు చేయడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

అయితే ఆ పుస్తకం నుంచే ఒక అలవాటు కూడా అంటుకుంది. కాగితం ఖరీదు. అందుకని లెక్క అంతా పలక మీద చేసేవారు. మోచేత్తో చెరిపేసి మళ్లీ రాసేవారు. చివరికి తేలిన ఫలితం ఒక్కటే నోటుబుక్కులోకి ఎక్కేది. పుస్తకం అంటే ఇలాగే ఉంటుందని కార్ నేర్పాడు మరి! దారిలోని మెట్లన్నీ పలక మీదే చెరిగిపోయాయి. వాటి విలువ ఎంతో తర్వాతి పదేళ్లలో తెలిసొచ్చింది.

ఫెయిలైన కుర్రాడు

1904లో స్కూలు చదువు ముగిసింది. గణితంలో బహుమతి వచ్చింది. కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్పూ దొరికింది. అక్కడ లెక్కలు తప్ప ఇంకేమీ పట్టించుకోలేదు. ఇంగ్లిషులో దెబ్బతిని స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. కొడుకు కనిపించడం లేదని ఇంట్లోవాళ్లు పత్రికలో ప్రకటన వేయించాల్సి వచ్చింది. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరారు. అక్కడా అదే కథ. 1906లో ఎఫ్.ఏ. తప్పారు. 1907లో మళ్లీ రాశారు, మళ్లీ తప్పారు.

పరీక్షలు తప్పితే ఏమైందిలే, ఆయన మహా మేధావి కదా అని ఇప్పుడు సులువుగా అనేస్తాం. ఆయనకు అది సులువుగా లేదు. ట్యూషన్ చెబుదామంటే పరీక్షకు కావాల్సిన దారిలో కాకుండా ఇంకెక్కడికో వెళ్లిపోయేవారు. తిండికీ ఇబ్బంది పడ్డారు. 1909లో జానకితో పెళ్లయింది. 1910 మొదట్లో ఆపరేషన్ జరిగింది. కోలుకున్నాక నోటుబుక్కు చంకన పెట్టుకుని ఉద్యోగం వేటలో పడ్డారు. మనం సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని తిరిగినట్టే.

గుత్తి నుంచి మొదలైన దారి

ఇక్కడ మన ఆంధ్ర నేల ఇంకో రకంగా కథలోకి వస్తుంది. వి.రామస్వామి అయ్యర్ అనే డిప్యూటీ కలెక్టరు అనంతపురం జిల్లా గుత్తిలో పనిచేస్తూ, 1907లో గణితం మీద ఇష్టమున్నవాళ్లను కూడగట్టి ఒక సంఘం పెట్టారు. అదే తర్వాత ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. దానికి ఒక పత్రిక కూడా వచ్చింది. 1910లో రామానుజన్ వెతుక్కుంటూ తిరుక్కోయిలూరు వెళ్లి కలిసింది ఈ రామస్వామి అయ్యర్‌నే. అడిగింది చిన్న గుమస్తా పని. నోటుబుక్కు చూశాక, ఇలాంటి మనిషిని తాలూకా ఆఫీసులో కూలేయడానికి ఆయనకు మనసొప్పలేదు. మద్రాసులోని తెలిసినవాళ్ల దగ్గరకు పంపారు. అక్కడ పి.వి.శేషు అయ్యర్ అనే ప్రొఫెసరు నెల్లూరు కలెక్టరుకు ఉత్తరం రాసిచ్చారు. అలా వచ్చారు నెల్లూరుకు.

మొదట్లో రామచంద్రరావుకు నమ్మకం కుదరలేదు. రామానుజన్ తీరు మార్చారు. తన దగ్గరున్న అతి గొప్ప ఫలితాలను పక్కనపెట్టి, కలెక్టరుకు అందే సులువైన వాటితో మొదలుపెట్టారు. అవి అర్థమయ్యాక ఒక్కో మెట్టే పైకి తీసుకెళ్లారు. చివరికి ఏం కావాలని కలెక్టరు అడిగితే, తిండికి లోటు లేకుండా లెక్కలు చేసుకునే వీలు చాలన్నారు. నెల్లూరు లాంటి మారుమూల చోట ఈయన్ను ఉంచేయడం అన్యాయమని భావించిన రామచంద్రరావు మద్రాసుకే తిప్పి పంపి, నెలకు 25 రూపాయలు తన సొంత డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఈ కలయికలో ఒక పాఠం ఉంది. ఎదుటి మనిషికి తెలిసినచోట మొదలుపెట్టి, తెలియని చోటికి మెట్టు మెట్టుగా తీసుకెళ్లడమే రుజువు రాయడమంటే. నోటితో ఆ పని చేసినప్పుడు పనైంది. దాన్నే కాగితం మీద చేయడం ఇంకా నేర్చుకోవాలి.

ఎవరూ చేయని లెక్క

1911లో ఆ సొసైటీ పత్రికలో పాఠకులకు రామానుజన్ ఒక ప్రశ్న వేశారు. ఒకటికి, రెండు రెట్ల వర్గమూలం కలపాలి. ఆ వర్గమూలం లోపల ఒకటికి, మూడు రెట్ల ఇంకో వర్గమూలం. దాని లోపల నాలుగు రెట్లు. ఇలా అంతం లేకుండా:

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …))))

దీని విలువ ఎంత? నెలలు గడిచినా ఎవరూ పరిష్కారం పంపలేదు. చివరికి రామానుజనే జవాబు చెప్పారు. 3.

ఎలాగంటే, 3 అంటే √9. తొమ్మిదిని 1 + 2×4 అని రాయొచ్చు. ఆ 4 అంటే √16, అంటే √(1 + 3×5). ఆ 5 అంటే √25, అంటే √(1 + 4×6). ఇలా లోపలికి వెళ్తూనే ఉండొచ్చు. గొలుసు తయారైంది. అంతే కదా!

అంతేనా? ఒక్క నిమిషం ఆగండి. ఇదే పద్ధతిలో 4 తో మొదలుపెట్టి చూడండి. 4 అంటే √16. పదహారును 1 + 2×(15/2) అని రాయొచ్చు. ఆ 15/2 ను √(1 + 3×(221/12)) అని రాయొచ్చు. ఇదీ లోపలికి వెళ్తూనే ఉంటుంది. బయటకు కనిపించే గొలుసు అదే. మరి జవాబు 3 ఎందుకు కావాలి, 4 ఎందుకు కాకూడదు?

చాలామంది విద్యార్థులు ఆగని చోటు ఇదే. జవాబు సరైనదే. కానీ చెప్పిన కారణం చాలదు. ఆ కారణంతో తప్పు జవాబు కూడా వచ్చేస్తోంది.

రుజువు పూర్తి కావాలంటే ముందు ఆ చుక్కలకు అర్థం తేల్చుకోవాలి. గొలుసును ఒక చోట ఆపి, లోపలి మిగతా భాగం తీసేసి అక్కడ 1 పెడదాం. ఒక వర్గమూలంతో ఆపితే √3, అంటే 1.73. రెండుతో ఆపితే 2.24. తర్వాత 2.56, 2.76, 2.87. ఈ వరస దేనికి దగ్గరవుతుందో అదే గొలుసు విలువ. 3 కు దగ్గరవుతున్నట్టు కనిపిస్తోంది. కనిపించడం రుజువు కాదు కాబట్టి కారణం చూద్దాం.

అసలు ఉండాల్సిన 4, 5, 6 లాంటి సంఖ్య బదులు మనం 1 పెట్టాం. అంటే తక్కువ పెట్టాం. కాబట్టి విలువ ఎప్పుడూ 3 దాటదు. ఇక ఎంత తగ్గుతుంది? లోపలి సంఖ్య ఉండాల్సిన దాంట్లో నూరో వంతే ఉందనుకోండి. ఒక వర్గమూలం దాటాక ఫలితం ఉండాల్సిన దాంట్లో కనీసం పదో వంతు ఉంటుంది. ఇంకోటి దాటాక సుమారు మూడో వంతు. ప్రతి వర్గమూలమూ లోటును అలా పూడ్చేస్తుంది. మనం పెట్టిన లోటేమో మెట్టుకు ఒక అంకె చొప్పున మాత్రమే పెరుగుతోంది. పది వర్గమూలాల తర్వాత ఆపితే లోపల ఉండాల్సింది 13, మనం పెట్టింది 1. అయినా బయటి విలువ 2.99 దాటుతుంది. ఇంకా లోపలికి వెళ్లేకొద్దీ 3 కు ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా వస్తుంది. 4 తో కట్టిన గొలుసులో లోపల మిగిలే సంఖ్యలు విపరీతంగా పెరిగిపోతాయి కాబట్టి అక్కడ ఈ వాదన నిలవదు.

రామానుజన్ పత్రికలో ఇచ్చిన పరిష్కారంలో ఈ రెండో సగం లేదు. 1927లో ఆయన వ్యాసాలన్నీ సంపుటిగా వచ్చినప్పుడు, ఇలాంటి గొలుసులు ఏ షరతు మీద నిలుస్తాయో టి.విజయరాఘవన్ చెప్పిన ఫలితాన్ని నోట్సులో చేర్చారు.

తిరిగొచ్చిన వ్యాసం

అదే 1911లో బెర్నూలీ సంఖ్యల మీద రామానుజన్ మొదటి వ్యాసం ఆ పత్రికలో వచ్చింది. తేలిగ్గా రాలేదు. రాత క్లుప్తంగా ఉంది, మామూలు పాఠకుడికి అందడం లేదని సంపాదకుడు ఎం.టి.నారాయణ అయ్యంగార్ దాన్ని పలుమార్లు తిప్పి పంపారు. రామానుజన్ విసుక్కుని మానేయలేదు. మళ్లీ రాశారు. చివరికి అచ్చయిన వ్యాసంలో ఎనిమిది ఫలితాలుంటే, మూడింటికే రుజువు సూచనలున్నాయి. రెండు వేరే వాటి నుంచి వచ్చేవి. మూడింటిని ఊహలుగానే వదిలేశారు. గొప్ప రుజువులు కాకపోవచ్చు. కానీ ఏది నిరూపించాను, ఏది ఇంకా ఊహే అన్న తేడా కాగితం మీదికి వచ్చింది. చిన్న విషయం కాదది.

ఇంకొకరి డబ్బుతో బతకడం రామానుజన్‌కు ఇష్టం లేకపోయింది. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమస్తా ఉద్యోగంలో చేరారు. అక్కడి పై అధికారి ఎస్.నారాయణ అయ్యర్ కూడా గణితం చదివినవారే. రాత్రిళ్లు ఇద్దరూ చెరో పలక పట్టుకుని కూర్చునేవారు. రామానుజన్ రెండు మూడు మెట్లు ఒకేసారి దూకేవారు. నారాయణ అయ్యర్ ఆపేవారు. నాకే అర్థం కాకపోతే బయటివాళ్లకు ఎలా అర్థమవుతుంది, మధ్యలోవి కూడా రాయాలి అని పట్టుబట్టేవారు. మేధావికి కూడా మెట్టు దగ్గర ఆపే స్నేహితుడు కావాలి.

కేంబ్రిడ్జి నుంచి వచ్చిన ప్రశ్న

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జిలోని జి.హెచ్.హార్డీకి ఉత్తరం రాశారు. దానికి ముందు రాసిన ఉత్తరాలు ఫలించలేదు. ఈ ఉత్తరంలో వందకు పైగా ఫలితాలున్నాయి, రుజువులు లేకుండానే. హార్డీ తన సహచరుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుని వాటిని పరిశీలించి, రాసినవాడు నిజమైన గణిత శాస్త్రవేత్తేనని తేల్చుకున్నారు. జవాబులో అడిగింది మాత్రం ఒక్కటే. రుజువులు పంపండి.

రామానుజన్ కాస్త బెదిరారు. తన పద్ధతి చెబితే వింతగా అనిపించి తనను కొట్టిపారేస్తారేమోనని భయం. ఆ భయం ఉత్తి భయమేమీ కాదు. ఆ ఉత్తరంలో ప్రధాన సంఖ్యల మీద చెప్పింది తప్పు. ఒక సంఖ్య లోపు ఎన్ని ప్రధాన సంఖ్యలుంటాయో దాదాపు కచ్చితంగా చెప్పే సూత్రం దొరికిందన్నారు. చిన్న సంఖ్యలకు అది బాగా సరిపోతుంది. పెద్దవాటిలో తేడా ఆయన అనుకున్నంత తక్కువ కాదు. సంకీర్ణ చలరాశుల సిద్ధాంతం అప్పటికి ఆయనకు దాదాపు తెలియదు. అందుకే పద్ధతిలో ఎక్కడ కాలు జారిందో కనిపించలేదు.

చిన్న సంఖ్యలకు సరిపోతే చాలదా? చాలదని లిటిల్‌వుడ్ 1914లో చూపించారు. గౌస్ కాలం నుంచి ప్రధాన సంఖ్యల లెక్కకు వాడే ఒక అంచనా ఎప్పుడూ అసలు కన్నా ఎక్కువే చూపుతోంది. లెక్కించిన ప్రతిచోటా అంతే. ఎక్కడో ఒకచోట అది తిరగబడి తీరుతుందని లిటిల్‌వుడ్ నిరూపించారు. ఆ చోటు ఎంత దూరమంటే, కంప్యూటర్లు నేరుగా లెక్కిస్తూ ఇవాళ్టికీ అక్కడికి చేరలేదు. కోట్ల ఉదాహరణలు కూడా ఒక్క రుజువుకు సాటి రావు.

హార్డీ చొరవతో మద్రాసు విశ్వవిద్యాలయం 1913 మే నుంచి నెలకు 75 రూపాయల పరిశోధన స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఎఫ్.ఏ. తప్పిన మనిషికి! ఒకటే షరతు. మూడు నెలలకోసారి చేసిన పని రాసి చూపాలి. ఆ మూడు నివేదికల్లో రామానుజన్ తన పద్ధతిని విడమర్చి రాయడానికి ప్రయత్నించారు. ఆ రుజువులు పూర్తిగా నిలబడవు. ఏ షరతుల్లో ఆ ఫలితం నిజమో తర్వాత హార్డీ తేల్చారు.

ఇరవై ఆరేళ్లకు మళ్లీ విద్యార్థి

1914 మార్చి 17న ఓడ ఎక్కారు. కేంబ్రిడ్జిలో హార్డీకి ఒక సందిగ్ధం ఎదురైంది. రామానుజన్‌కు లోతైన విషయాలు తెలుసు, చాలా మామూలు విషయాలు తెలియవు. మొదటి నుంచీ పద్ధతిగా చదవమంటే ఆయనలోని ఊహాశక్తి దెబ్బతింటుందేమో! వదిలేస్తే మళ్లీ ప్రధాన సంఖ్యల దగ్గర జరిగిందే జరుగుతుందేమో! లిటిల్‌వుడ్ ఏదైనా నేర్పబోతే, రామానుజన్ దాని మీద పది కొత్త ఆలోచనలు చెప్పి పాఠాన్ని పక్కదారి పట్టించేవారు. అయినా పని జరిగింది. క్లాసుల్లో కన్నా ఎక్కువగా కలిసి లెక్కలు చేయడంలో జరిగింది.

1915లో అధిక భాజకాలున్న సంఖ్యల మీద ఆయన పెద్ద వ్యాసం వచ్చింది. 12 కు ఆరు భాజకాలు. దాని కన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. ఇలాంటి సంఖ్యల స్వభావాన్ని వరస తప్పకుండా నిరూపిస్తూ రాసిన వ్యాసం అది. 1916 మార్చిలో దీని ఆధారంగానే కేంబ్రిడ్జి ఆయనకు పరిశోధన ద్వారా బీఏ ఇచ్చింది.

1918లో హార్డీతో కలిసి రాసిన విభజనల వ్యాసం ఇంకా గొప్పది. 4 ను ఎన్ని రకాలుగా కూడికగా రాయొచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం ఐదు. 200 కైతే? మేజర్ మెక్‌మహోన్ చేత్తో లెక్కగట్టిన జవాబు 39,72,99,90,29,388. ఇద్దరూ కనుక్కున్న సూత్రంలో ఎనిమిది పదాలు కూడితే తేడా 0.004 మాత్రమే. అలాంటి సూత్రం ఉంటుందన్న ఊహలో రామానుజన్ పాత్ర పెద్దది. దాన్ని నిలబెట్టిన రుజువులో హార్డీ సాధన కనిపిస్తుంది. ఏ ఒక్కరికీ ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదు.

ఈలోపు యుద్ధం, చలి, సరైన తిండి లేకపోవడం. 1917 నుంచి ఆరోగ్యం బాగా దెబ్బతింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, ట్రినిటీ కాలేజీ ఫెలో అయ్యారు. 1919 మార్చిలో స్వదేశానికి తిరిగొచ్చారు.

రెండు పేజీలు

ఆ 1919లోనే, మొదట ప్రశ్న పంపిన ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఆయన రాసిన రెండు పేజీల వ్యాసం వచ్చింది. విషయం మళ్లీ ప్రధాన సంఖ్యలే. 1 కన్నా పెద్దదైన ఏ సంఖ్య తీసుకున్నా, దానికీ దాని రెట్టింపుకూ మధ్య కనీసం ఒక ప్రధాన సంఖ్య ఉంటుంది. 10 కి, 20 కి మధ్య చూడండి: 11, 13, 17, 19. ఫ్రాన్స్‌కు చెందిన బెర్ట్రాండ్ 1845లో దీన్ని ఊహించి, 30 లక్షల దాకా సరిచూశారు. అయినా అది ఊహగానే మిగిలింది. రష్యాకు చెందిన చెబిషెవ్ కొన్నేళ్లకు నిరూపించారు. రామానుజన్ అంతకన్నా చాలా పొట్టి రుజువు ఇచ్చారు. అక్కడితో ఆగక, సంఖ్యలు పెద్దవయ్యేకొద్దీ అలా కనీసం రెండు, మూడు, నాలుగు ప్రధాన సంఖ్యలు ఎక్కడి నుంచి కచ్చితంగా ఉంటాయో కూడా చెప్పారు.

ఆరేళ్ల కిందట ప్రధాన సంఖ్యల దగ్గరే కాలు జారిన మనిషి. ఇప్పుడు అదే విషయం మీద, ఎవరు చదివినా వేలు పెట్టడానికి సందు లేని రెండు పేజీలు. రామానుజన్ ఎంత నేర్చుకున్నారో చెప్పడానికి ఇది చాలు.

1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. వయసు 32. నోటుబుక్కులు మిగిలిపోయాయి. అమెరికాకు చెందిన బ్రూస్ బెర్న్‌ట్ వాటిలోని ఒక్కో ఫలితానికీ రుజువు రాస్తూ 1985 నుంచి 1998 దాకా ఐదు సంపుటాలు తెచ్చారు. ఫలితాల్లో అత్యధికం నిజమేనని తేలాయి. పలక మీద మోచేత్తో చెరిపేసిన మెట్లను తిరిగి కట్టడానికి ఇతరులకు దశాబ్దాలు పట్టిందన్నమాట.

మన సాధన ఇలా

రామానుజన్ రుజువులు రాయలేదు కదా, మనకెందుకు అనుకోవద్దు. ఆ లోటు వల్ల ఆయన ఎన్ని గడపలు తొక్కారో చూశాం. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ప్రవేశ పరీక్షల్లో నిరూపణలు రాయమనే అడుగుతారు. టీచరు ఉద్యోగానికైతే చెప్పనే అక్కర్లేదు.

పరిష్కారం చూడకండి, ముందు ప్రశ్నతో కూర్చోండి. గైడు మూసేసి కనీసం అరగంట. కార్ పుస్తకంతో రామానుజన్ చేసింది అదే.

ఉదాహరణలతో మొదలుపెట్టండి, వాటితో ముగించకండి. రెండు బేసి సంఖ్యల మొత్తం సరి సంఖ్య అని చూపాలి. 3+5=8, 7+9=16, కాబట్టి నిజం అంటే రుజువు కాదు. బేసి సంఖ్య అంటే జతలు కట్టగా ఒకటి మిగిలేది. రెండు బేసి సంఖ్యలు కలిపితే మిగిలిన ఆ రెండు ఒకట్లూ ఒక జత అవుతాయి. ఇంకేమీ మిగలదు, కాబట్టి మొత్తం సరి సంఖ్య. ఇది రుజువు.

కాబట్టి అని రాసిన ప్రతిచోటా ఆగండి. దేన్నిబట్టి? నిర్వచనమా, ఇచ్చిన షరతా, ముందు నిరూపించిందా? మూడూ కాకపోతే అక్కడ గొయ్యి ఉన్నట్టే.

అదే వాదనతో తప్పు జవాబు వస్తుందేమో పరీక్షించండి. పైన 4 తో చేసినట్టు.

స్నేహితుడికి చదవమని ఇవ్వండి. పక్కన కూర్చుని వివరించకండి. అతను ఆగినచోట మీ మెట్టు ఒకటి తప్పింది. అది కలిపి మర్నాడు మొత్తం కొత్తగా రాయండి. నారాయణ అయ్యర్, నారాయణ అయ్యంగార్ ఇద్దరూ రామానుజన్ చేత చేయించింది ఇదే.

ఇవాళ్టికి ఒక లెక్క. రామానుజన్ 1911 నాటి ప్రశ్నలో రెండో భాగం ఇది:

√(6 + 2√(7 + 3√(8 + …)))

జవాబు ముందే చెప్పేస్తున్నాం, 4. పదహారు అంటే 6 + 2×5 అని గమనిస్తే గొలుసు ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. అక్కడ పెన్ను దించకండి. 4 మాత్రమే ఎందుకు, ఇంకోటి ఎందుకు కాదు అన్నది ఒక పేజీలో రాయండి. లెక్క అసలు మొదలయ్యేది అక్కడే.